నాపరాళ్ల మీద మూడో అడుగు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను పట్టుకుని తాయెత్తు కట్టించుకోమనరు. నేను విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఫలానా తోటలో ఏదో తెల్లగా కదిలిందని ఎవరైనా అంటే, అప్పుడు వెలుతురు ఎంతుంది, గాలి ఎటు వీస్తోంది, చూసినవాడు అంతకుముందు ఏం తాగాడు అని అడిగే రకం. ఇప్పటికీ అదే రకం. నా చిరాకంతా అక్కడే ఉంది. నమ్మేవాడికైతే ఇది ఒక కథ. నలుగురికీ చెప్పుకుని హాయిగా పడుకుంటాడు. నాకు ఆ వీలు లేదు.

మేం ఉండేది ఒక పాత ఇంట్లో కింది వాటా, అద్దెకి. పైన ఓనరుగారు ఉంటారు. మేడ మీదికి మాకు దారి లేదు. మాకున్నదల్లా వెనక పెరడు. వంటింటి గుమ్మం దిగితే పెరడే. గోడ వారన ఒక జామచెట్టు, బట్టలుతుక్కునే బండ. మిగతాదంతా ఎప్పుడో పరిచిన నాపరాళ్లు. కింద ఇసుక జారిపోయింది. ఈ మూల కాలు పెడితే ఆ మూల రాయి కదులుతుంది. సరిచేయించమని ఎన్నిసార్లు అడిగినా ఓనరుగారు నవ్వి ఊరుకుంటారు.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, నా భార్య పద్మ, మా అప్ప. అప్ప అంటే మా పెద్దక్క సింహాచలమ్మ. నాకంటే చాలా పెద్దది. అమ్మ పొలం పనికి పోతే నన్ను చంకనేసుకుని తిప్పింది ఆవిడే. బావ పోయాక మా దగ్గరికి వచ్చేసింది. కూతురు నాగమణిని పాతపట్నంలో ఇచ్చారు. అప్పుడప్పుడూ అక్కడికి వెళ్లి వస్తుంటుంది.

నాకున్న పిచ్చల్లా చంద్రుడు. అద్దం ఉన్న టెలిస్కోపు ఒకటి కొనుక్కున్నాను. మనిషి నడుం దాటి వచ్చే లావుపాటి గొట్టం, దాని కింద చెక్క పీట. కన్ను పెట్టి చూసే చోట ఫోన్ బిగించి వీడియో తీస్తాను. తర్వాత కంప్యూటర్లో పెడితే, ఆ వీడియోలోని బొమ్మల్లో స్పష్టంగా ఉన్నవాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక మంచి ఫొటో చేసి ఇస్తుంది. గుంటలు, కొండలు, వాటి నీడలు చక్కగా వస్తాయి. ఒకటే షరతు. టెలిస్కోపు అదరకూడదు. అంత పెద్దది చేసి చూస్తున్నప్పుడు పక్కన ఎవరైనా గట్టిగా అడుగేస్తే చాలు, చంద్రుడు ఎగిరి పడతాడు.

చంద్రుడి మీద మేఘాల సముద్రం అని ఒక చదును నేల ఉంది. పేరుకే సముద్రం, చుక్క నీరుండదు. అందులో తిన్నని గోడ అని ఒకటుంది. స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా పోయే నల్లటి గీత. అర్ధచంద్రుడు దాటిన మర్నాడు సూర్యుడి వెలుగు దాని మీద ఏటవాలుగా పడుతుంది. ఆ సాయంత్రమే అది బాగా కనిపిస్తుంది. ముందురోజు చీకట్లో ఉంటుంది, తర్వాత వెలుగులో కలిసిపోతుంది. అంటే నెలకి ఒక సాయంత్రం. ఆ సాయంత్రం మబ్బు పట్టకూడదు, వెనకింటి వాళ్లు తమ లైటు మా పెరట్లోకి తిప్పకూడదు, చుట్టాలు రాకూడదు. ఇన్ని కలిసొస్తే నా ఫొటో.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం అన్నీ కలిసొచ్చాయి. దీపాలు పెట్టే వేళ. చంద్రుడు నడినెత్తి దగ్గర ఉన్నాడు. గోడ ఎంత బాగా కనిపించిందో చెప్పలేను. వీడియో మొదలుపెట్టాను. కాసేపటికి ఫోన్ తెర మీద చంద్రుడు ఒక్కసారి పెద్దగా అదిరాడు. వెంటనే మరో రెండు చిన్న అదుర్లు. ఆగింది. మళ్లీ ఒక పెద్దది, రెండు చిన్నవి. ఆగింది.

ఎవరే ఆ నడిచేది అని అరిచాను. వంటింట్లోంచి పద్మ, ఎవరూ లేరండీ, నేను పోపు పెడుతున్నాను అంది. వెనక్కి తిరిగి చూశాను. పెరడంతా ఖాళీ. అదుర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి, పైగా అంతకంతకూ పెరుగుతున్నాయి. దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టు. తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. హమ్మయ్య అనుకునేలోగా చంద్రుడు మెల్లగా పక్కకి జారి తెరలోంచి బయటికి వెళ్లిపోయాడు. గొట్టం జామచెట్టు వైపుకి తిరిగి ఉంది. నేను ముట్టుకోలేదు.

భయం వేసిందా అని అందరూ అడుగుతారు. లేదు. ఒళ్లు మండింది. నెలకి ఒక్క సాయంత్రం.

మర్నాటి నుంచి కారణం వెతకడం మొదలుపెట్టాను. పీట కింద మరలు బిగించాను. పీటకి రబ్బరు ముక్కలు వేశాను. పైవాళ్ల నీళ్ల మోటారు ఆపించి చూశాను, వేయించి చూశాను. మోటారు అదురు సన్నగా ఆగకుండా వస్తుంది, ఇలా లెక్కగా రాదు. రైలు వెళ్లేటప్పుడు చూశాను. అది వేరు, దానికి కొంచెం సేపు వణుకు ఉంటుంది. గొట్టం బరువుకి అదే జారుతోందేమోనని గంటలకొద్దీ వదిలేసి చూశాను. జారలేదు. పెరటి గుమ్మానికి గొళ్లెం పెట్టాను, సందులో తలుపుకి తాళం వేశాను. పిల్లి కూడా రాకుండా చేశాను.

తర్వాతి నెల ఆ సాయంత్రం మళ్లీ వచ్చింది. ఒక పెద్దది, రెండు చిన్నవి. వంటింటి గుమ్మం వైపు నుంచి మొదలై నా దాకా వచ్చి ఆగింది. చంద్రుడు జామచెట్టు వైపుకి జారాడు. వీడియోలో శబ్దం కూడా రికార్డవుతుంది కదా, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఎదుటింటి టీవీ ఉంది, కుక్కర్ విజిల్ ఉంది, నేను విసుక్కుంటున్న మాటలున్నాయి. అడుగుల చప్పుడు లేదు.

అప్పుడు నాకు అప్ప మీద అనుమానం వచ్చింది. ఆ వేళకి ఆవిడ ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి వస్తుంటుంది. మడమ గట్టిగా వేసి నడిచే మనిషి. నువ్వే నడుస్తున్నావు, నేను చూసేసరికి లోపలికి వెళ్లిపోతున్నావు అన్నాను. నాకేటి పని అంది. వీడియో చూపించాను. ఇదిగో ఒక పెద్దది, ఇదిగో రెండు చిన్నవి, ఇది నడక కాదా అని నిలదీశాను. అప్ప చదువుకోలేదు గానీ లెక్క బాగా తెలుసు. రెండుసార్లు చూసి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఒరే, నాకున్నవి రెండు కాళ్లే. మూడో అడుగు ఎవులేసినారో ఆళ్లనడుగు."

పద్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అంత తేలికైన విషయం నాకు తట్టనందుకు మరింత మండింది.

ఆ పై నెల అప్పని నా పక్కనే కుర్చీలో కూర్చోబెట్టాను. కాళ్లు నేలకి తగలకుండా స్టూలు మీద పెట్టించాను. దొంగని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టేవురా అని గొణిగింది గానీ కూర్చుంది. పద్మని కూడా పిలిచి ఇంకో కుర్చీలో కూర్చోమన్నాను. ఇంటికి ముందు వెనక గొళ్లాలు. గాలి లేదు. జామాకు కదలడం లేదు.

వచ్చింది.

ముగ్గురం ఫోన్ తెర చూస్తున్నాం. మొదట ఎక్కడో దూరంగా, చంద్రుడు కొంచెం తుళ్లిపడ్డట్టు. తర్వాత పెద్దగా. ప్రతిసారీ అదే వరస, ఒకటి పెద్దది, రెండు చిన్నవి, మధ్యలో ఊపిరి తీసుకుంటున్నంత ఆగడం. పద్మ నా భుజం పట్టుకుంది. అప్ప తెర చూడడం మానేసి వంటింటి గుమ్మం వైపు చూస్తోంది. అక్కడ ఏమీ లేదు. గుమ్మానికీ మాకూ మధ్య నాపరాళ్లు, వాటి మీద వెన్నెల. అంతే.

"ఎవులో వస్తన్నారురా," అంది అప్ప. గొంతు చాలా చిన్నగా ఉంది. "మనకేసే వస్తన్నారు."

అదుర్లు ఆగాయి. గొట్టం జామచెట్టు వైపుకి కదిలింది. ఈసారి నేను కళ్లారా చూశాను. ఎవరో అరచెయ్యి ఆనించి బరువు వేసినట్టు, కొంచెం, నెమ్మదిగా.

అప్పుడు కూడా నేనన్న మాట, పునాది కుంగుతున్నట్టుంది, ఓనరుగారికి చెప్పాలి అని. పద్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ రాత్రి ఇంట్లో అన్నం సరిగ్గా ఎవరూ తినలేదు. మర్నాడు అప్ప నిమ్మకాయలు, పసుపు, కుంకుమ తెప్పించింది. పెరట్లో ఏవో చేయించాలంది. మా ఊరి నుంచి ఒక పెద్దాయన్ని పిలిపిస్తానంది. నేను ఒప్పుకోలేదు. పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ని, నా ఇంట్లో నిమ్మకాయలు కోయిస్తే రేపు క్లాసులో ఏ మొహం పెట్టుకుని నిలబడను అన్నాను. పోనీ ఆ గొట్టం తీసి ఎవరికైనా ఇచ్చేయమంది. అది వచ్చాకే ఇది వచ్చిందంది. దానికీ ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగింది.

"ఆ గొట్టం ఈ ఇంట్ల ఉన్నన్నాళ్లు నాను ఉండను," అంది. "నాకు బయిమేస్తన్నాది. నీకు అరదమవదు."

నీ ఇష్టం అన్నాను. కోపంలో అన్నాను గానీ, వెళ్తుందనుకోలేదు. మర్నాడే పద్మని తోడు తీసుకుని ఆర్టీసీ బస్సెక్కి పాతపట్నం వెళ్లిపోయింది, నాగమణి దగ్గరికి. తర్వాత ఫోన్ చేస్తే పద్మతో మాట్లాడేది, నాతో కాదు.

అప్ప లేని మొదటి నెలలో ఒకటి జరిగింది. అప్పుడు దాన్ని నేను అంతగా పట్టించుకోలేదు. ఎండలు ముదిరాయి. ఆ సాయంత్రం పద్మ కూరగాయలకి వెళ్లింది. నేను ఒక్కణ్నే వీడియో మొదలుపెట్టాను. అంతలో వీధి గేటు దగ్గర ఓనరుగారు పిలిచారు. కుళాయి నీళ్లు మేమే ఎక్కువ వాడేస్తున్నామని ఆయన అభిప్రాయం. ఆయన మొదలుపెడితే ఆగరు. ఇంటి ముందు వైపు ఆయనకి సమాధానం చెబుతూ నిలబడిపోయాను. వెనక పెరట్లో ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది.

తర్వాత చూసుకుంటే అదే వరస. ఒకటి పెద్దది, రెండు చిన్నవి, దగ్గరికి రావడం, ఆగడం, చంద్రుడు జారి వెళ్లిపోవడం. తెర నల్లబడింది. అంతకుముందు నెలల్లో ఇక్కడ నేను విసుక్కుని వీడియో ఆపేసేవాణ్ని. ఈసారి ఆపేవాళ్లు లేరు. కాసేపు నలుపు. ఆ తర్వాత తెర అంచున వెలుగు కనిపించింది. చంద్రుడు చిన్న చిన్న కుదుపులతో వెనక్కి వచ్చాడు. మేఘాల సముద్రం వచ్చింది, తిన్నని గోడ వచ్చింది. సరిగ్గా మధ్యలో కాదు, మధ్యకి కాస్త ఇవతల ఆగింది.

టెలిస్కోపు వాడేవాళ్లకి దీని అర్థం తెలుస్తుంది. చంద్రుడు ఆగకుండా కదిలిపోతుంటాడు కదా, అందుకని మేం ఎప్పుడూ మధ్యకి కొంచెం ఇవతలే పెడతాం, తనే జరిగి మధ్యలోకి వస్తాడని. అది అలవాటైన చెయ్యి చేసే పని. కొత్తవాళ్లకి చేతకాదు. పద్మకే ఇప్పటికీ రాదు.

ఎవరో తెలిసినవాడే గోడ దూకి నాతో ఆటలాడుతున్నాడని తేల్చుకున్నాను. కాలేజీలో నాకు టెలిస్కోపు గురించి తెలిసిన ఇద్దరు ముగ్గుర్ని అనుమానించాను కూడా. గోడ మీద గాజు పెంకులు పెట్టించమని ఓనరుగారికి చెబితే ఆయన మళ్లీ నవ్వారు.

తర్వాత వానలు. శ్రావణం, భాద్రపదం చంద్రుడు కనిపిస్తే ఒట్టు. టెలిస్కోపుకి దుప్పటి కప్పి మూల పెట్టేశాను. నిజం చెప్పాలంటే హాయిగానే అనిపించింది.

ఆ వానల్లోనే పాతపట్నం నుంచి నాగమణి ఫోన్ చేసింది. వాళ్ల పెరట్లో పాకుడు పట్టిన గచ్చు మీద అప్ప కాలు జారి పడింది. లేవలేకపోతోంది. శ్రీకాకుళం తీసుకొచ్చారు. తుంటి ఎముక విరిగిందన్నారు, ఆపరేషన్ చేశారు. నేనూ పద్మా అక్కడే ఉన్నాం. మత్తు దిగాక అప్ప నన్ను చూసి మొహం తిప్పుకోలేదు గానీ, మాట్లాడనూ లేదు. నా చెయ్యి మాత్రం పట్టుకునే ఉంది.

నాగమణి వాళ్లది మెట్లెక్కి వెళ్లే ఇల్లు. మాది కింది వాటా. పైగా కాలు సాగదీయించే ఫిజియో మా వీధిలోనే ఉంటాడు. అందుకని కొన్నాళ్లు ఆగి, కారు మాట్లాడి అప్పని మా ఇంటికే తెచ్చాం. అప్పటికి వానలు వెనకబట్టాయి. గుమ్మంలో దింపుతుంటే ఆవిడ నాతో అన్న మొదటి మాట, "ఇంకా ఉన్నాదేటి నీ గొట్టం?"

ఉన్నాది అన్నాను. ఇద్దరం ఆ గొడవ మళ్లీ ఎత్తలేదు.

ఫిజియో రోజూ వచ్చి నడిపించేవాడు. నాలుగు కాళ్ల వాకర్ ఇచ్చారు. దాంతో ఎలా నడవాలో నేర్పుతున్నప్పుడు నేను చాలాసార్లు కాలేజీలో ఉండేవాణ్ని. ఉన్నా లోపల హాల్లో నడిపించేవారు, నేను పేపర్లు దిద్దుకుంటూ ఉండేవాణ్ని. నాకేమీ తట్టలేదు. ఎందుకు తట్టాలి? ఇంట్లో పెద్దావిడ వాకర్‌తో నడుస్తోంది. అది చూసి ఎవరైనా చంద్రుణ్ని గుర్తుచేసుకుంటారా?

కార్తీకంలో ఆకాశం కడిగినట్టు అయింది. అర్ధచంద్రుడు దాటిన మర్నాడు సాయంత్రం, దుప్పటి తీసి, అద్దం తుడిచి, టెలిస్కోపు పెరట్లోకి తెచ్చాను. ఫోన్ బిగించాను. తిన్నని గోడ కనిపించింది. వీడియో మొదలుపెట్టాను.

చంద్రుడు అదిరాడు. ఒకటి పెద్దది, రెండు చిన్నవి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్ని నెలల తర్వాత మళ్లీ మొదలా అని పళ్లు నూరుకుంటూ తెర చూస్తున్నాను. ఒకటి పెద్దది, రెండు చిన్నవి. ఆగడం. దగ్గరవుతోంది. ఈసారి మాత్రం ఒక తేడా ఉంది. చప్పుడు వినిపిస్తోంది. ఠక్కుమని ఒకటి, తర్వాత మెత్తగా రెండు.

వెనక్కి తిరిగాను. వంటింటి గుమ్మం దిగి, నాపరాళ్ల మీద అప్ప వస్తోంది. వాకర్ ఎత్తి ముందుకి వేస్తోంది, ఠక్. ఆపరేషన్ అయిన కాలు వేస్తోంది. తర్వాత మంచి కాలు. ఆగి ఊపిరి తీసుకుంటోంది. మళ్లీ వాకర్. వెనకాల పద్మ, పడిపోకుండా చేతులు చాపి, మెల్లగా వదినా, మెల్లగా అంటూ వస్తోంది. ఇవాళ పెరట్లోకి నడవమని ఫిజియో చెప్పాడట.

నేను వాకర్ వైపే చూస్తున్నాను. అప్ప నా దాకా వచ్చి ఆగింది. అలిసిపోయింది. పట్టు కోసం వాకర్ మీంచి ఒక చెయ్యి తీసి, ఎదురుగా ఉన్న గొట్టం మీద ఆనించి బరువు వేసింది. గొట్టం జామచెట్టు వైపుకి కదిలింది. తెరలోంచి చంద్రుడు జారిపోయాడు.

"ఏట్రా అలా సూస్తన్నావు?" అంది అప్ప. "నానే."

పద్మ తెర వైపు చూసింది, నా వైపు చూసింది. దానికి అర్థమైపోయింది. నాకంటే ముందే అర్థమైపోయిందేమో. లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి అప్పని కూర్చోబెట్టింది.

నీ గొట్టంలో ఏటి కనపడతాదో సూపించు, ఏడాదై వింటన్నాను అంది అప్ప. నేను గొట్టం పట్టుకుని చంద్రుణ్ని మళ్లీ తెర మీదికి తెచ్చాను. చెయ్యి వణుకుతోంది, అందుకని చిన్న చిన్నగా తోశాను. అలవాటు ప్రకారం మధ్యకి కాస్త ఇవతల ఆపాను. తిన్నని గోడ చూపించాను. అప్ప చాలాసేపు చూసింది. ఎవరో బొగ్గుతో గీసినట్టున్నాది అంది. ఆవిడకి పాత సంగతి ఏదీ గుర్తొచ్చినట్టు లేదు. ఆ పూట ఆవిడ సరదాగానే ఉంది.

తర్వాత వారం రోజులు నేను ఆ వీడియోలతోనే ఉన్నాను. అప్ప నడిచి వచ్చిన వీడియో ఒక పక్క, వేసవిలో ఎవరూ లేనప్పుడు ఫోన్ తీసిన వీడియో ఇంకో పక్క. ఒకేసారి నడిపించి చూశాను. పెద్ద అదురు మీద పెద్ద అదురు పడుతోంది, చిన్నవాటి మీద చిన్నవి. నడుమ ఒకచోట అప్ప కొంచెం ఎక్కువసేపు ఆగింది, అక్కడ చీర వాకర్‌కి చిక్కుకుంటే పద్మ వంగి తీసింది. పాత దాంట్లోనూ అక్కడే ఎక్కువసేపు ఆగడం ఉంది. జారడం అంతే. నలుపు అంతే. చంద్రుడు వెనక్కి రావడం అంతే, ఎన్ని కుదుపుల్లో వచ్చాడో సహా.

కాలేజీలో మ్యాథ్స్ చెప్పే మిత్రుడికి, విషయం చెప్పకుండా, శబ్దం తీసేసి రెండూ చూపించాను. వీటిలో తేడా ఏమైనా ఉందా అని అడిగాను. ఒకే వీడియోని రెండుసార్లు ఎందుకు పెట్టావు అన్నాడు.

నన్ను తినేస్తున్నది అప్ప అడుగులు కాదు. ఆ వెనక్కి తోసిన చెయ్యి. అప్ప వీడియోలో అలా తోసింది నేను. మరి వేసవిలో తోసింది ఎవరు? ఆ సమయానికి నేను వీధి గేటు దగ్గర ఓనరుగారితో కుళాయి నీళ్ల గురించి వాదిస్తున్నాను. ఆయన్ని అడిగితే ఇప్పటికీ చెబుతారు, పైగా తప్పు నాదే అని కూడా చెబుతారు.

ఇక రెండోది. అప్ప ఇల్లు వదిలి ఎందుకు వెళ్లింది? ఆ అడుగులకి భయపడి. వెళ్లింది కాబట్టి పాతపట్నంలో పడింది. పడింది కాబట్టి వాకర్ వచ్చింది. వాకర్ వచ్చింది కాబట్టి ఆ అడుగులు వచ్చాయి. కారణం ముందు, ఫలితం తర్వాత అని ఏటా బోర్డు మీద రాసే మనిషిని నేను. దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఎటు నుంచి లాగినా ముడి ఇంకా బిగుసుకుంటోంది. కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియదు.

చెప్పకూడదనే అనుకున్నాను. పద్మే, దాచడం బాగోదండీ, ఆవిడ భయం ఆవిడకి ఉంది, చెప్పేయండి అంది. ఒక సాయంత్రం పెరట్లో కూర్చున్నప్పుడు అప్పకి మొత్తం చెప్పాను. రెండు వీడియోలూ చూపించాను. ఆవిడ అడ్డం రాకుండా విన్నది. చూసినంతసేపు చూసి, ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"అయితే నన్ను సూసి నానే బయిపడి ఎల్లిపోనానా?" అంది చివరికి.

నేను ఆవిడ ఒళ్లోంచి ఫోన్ తీసుకుని ఆపేశాను.

"వచ్చిందాన్ని వచ్చినట్టే ఒక్క మాట సెప్పొచ్చు గదరా. పాతపట్నం ఎల్లకే అని. గచ్చు మీద జారతావే అని. ఆ మాత్రం సెప్పనేని దానికి అంత దూరం నడిసొచ్చి ఏటి లాబం?"

అది నా మీద కోపం కాదు, దెయ్యం మీదా కాదు. తన మీద తనకే విసుగు. ఆ తర్వాత ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. నిమ్మకాయల మాట కూడా ఎత్తలేదు. తన దిష్టి తనకే తీయించుకోవడం ఏమిటనుకుందేమో.

ఇప్పుడు అప్పకి వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. బాగానే తిరుగుతోంది, పద్మతో కలిసి బజారుకి కూడా వెళ్తోంది. వాకర్ పోయినప్పటి నుంచి ఆ మూడడుగుల అదురు మళ్లీ రాలేదు. మాఘంలో తిన్నని గోడ ఫొటో ఒకటి చాలా శుభ్రంగా వచ్చింది. పద్మ దానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. వచ్చినవాళ్లు అదేదో గీత అని దాటి వెళ్లిపోతారు.

ఆలోచించని దారి లేదు, తెలిసినవాళ్లని అడగని ప్రశ్న లేదు. వీడియోలు నా దగ్గరే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. రాళ్లే అలా కదులుతాయని ఎవరైనా నిరూపిస్తే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను.

నేను మాత్రం ఒక పని మానేశాను. ఇప్పుడు వీడియో తీసేటప్పుడు చంద్రుడు ఎప్పుడైనా కొంచెం అదిరితే, ఆ వీడియోని నేను మళ్లీ పెట్టి చూడను. అది పెద్దదా, చిన్నదా, ఎటు నుంచి వచ్చింది, ఎన్ని అడుగులు అని లెక్కపెట్టను. అక్కడికక్కడే తీసిపారేస్తాను. మా ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. ఎవరి నడక రేపు ఎలా మారబోతోందో నాకు ముందుగా తెలియనక్కర్లేదు.

ఇవాళ అదిరిందా అని పద్మ అప్పుడప్పుడూ అడుగుతుంది. లేదనే చెబుతాను.